కాలేయపు గాయమును తెలుపు ఎంజైములు

నేడు ఒక చిన్న పట్టణములో రక్తపరీక్ష చేయించుకొనిన వారికి అందు కాగితముపై కూడ ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అను రెండు పేర్లు తరచుగా కనబడుచుండును. ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఒక సంఖ్యయు, దాని ప్రక్కన ఆరోగ్యవంతులలో ఉండదగిన హద్దును ముద్రింపబడియుండును. సంఖ్య హద్దు దాటినచో కాలేయము చెడిపోయినదని రోగి భయపడును. దాటనిచో కాలేయము బాగున్నదని నిశ్చింతగా ఇంటికి పోవును. ఈ రెండు తలంపులును పూర్తిగా నిజములు కావు. ఆ సంఖ్య ఏమి చెప్పుచున్నదో, ఏమి చెప్పజాలదో గ్రహింపవలెనన్నచో అది వైద్యశాస్త్రములోనికి ఎట్లు వచ్చినదో తెలిసికొనుట మేలు.

కంటికి కనబడు పసుపు

కాలేయము మన దేహములోని అంతరవయవములలో అతి పెద్దది. పెద్దవారిలో దాని బరువు ఇంచుమించు ఒకటిన్నర కిలోగ్రాములు. ప్రేగుల నుండి వచ్చు రక్తమంతయు మొదట దానిలో ప్రవేశించును. పైత్యరసమును తయారుచేయుట, చక్కెరను నిలువచేయుట, రక్తమునకు కావలసిన ఆల్బుమిన్ మొదలగు మాంసకృత్తులను నిర్మించుట, విషపదార్థములను విరిచివేయుట మున్నగు పనులెన్నో అది నిర్వర్తించుచున్నది. ఇన్ని పనులు చేయు అవయవము తన బాధను మాత్రము త్వరగా బయటపెట్టదు. దానిలో కొంతభాగము పాడైనను మిగిలిన భాగము పనిని నెట్టుకొని వచ్చును. నొప్పిని తెలుపు నరములు దాని పైపొరలోనే కాని లోపలి భాగములో లేవు.

అందువలన వేల సంవత్సరముల పాటు కాలేయవ్యాధికి వైద్యుడు చూడగలిగిన ముఖ్యమైన గుర్తు ఒక్కటే: కండ్లు పచ్చబడుట. ఆయుర్వేదము దీనిని కామల అన్నది. మన తెలుగువారు పచ్చకామెర్లు అనుచున్నారు. గ్రీకు వైద్యులును ఈ పసుపు రంగును ఎరుగుదురు. కాని ఈ గుర్తులో రెండు లోపములు కలవు. మొదటిది, కామెర్లు రాకుండగనే కాలేయము గాయపడవచ్చును. రెండవది, కామెర్లకు కారణము ఒక్కటి కాదు. పైత్యనాళములో రాయి అడ్డుపడినను కండ్లు పచ్చబడును. కాలేయకణములు వాచి నశించినను పచ్చబడును. మొదటి రోగికి శస్త్రచికిత్స ప్రాణదానము. రెండవ రోగికి అదే శస్త్రచికిత్స ప్రాణాపాయము. కంటి పసుపును చూచి ఈ ఇద్దరిని వేరుచేయుట ఎట్లు? కాలేయ పరీక్షల చరిత్ర అంతయు ఈ ప్రశ్న చుట్టు అల్లుకొనియున్నది.

మొదటి జవాబు రంగుల రసాయనము నుండి వచ్చినది. పాల్ ఎర్లిక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1883లో పైత్యవర్ణకమైన బిలిరూబినును డయజో పదార్థముతో కలిపి రంగు పుట్టించు పద్ధతిని వర్ణించెను. డచ్చి వైద్యుడు హైమన్స్ వాన్ డెన్ బెర్గ్ 1913లో ఈ పద్ధతిని రక్తపు సీరముతో ప్రయోగించెను. రక్తము గడ్డకట్టిన పిమ్మట విడివడు లేత పసుపు ద్రవమునకే సీరం అని పేరు. కొందరి సీరములో రంగు వెంటనే వచ్చుననియు, కొందరిలో ఆల్కహాలు కలిపిన తరువాతనే వచ్చుననియు ఆయన 1916లో చూపెను. పసుపును కంటితో అంచనా వేయుటకు బదులు కొలుచుట ఇట్లు సాధ్యమైనది. అయినను రాయికిని కణనాశమునకును గల భేదము దీనివలన పూర్తిగా తేలలేదు.

ఎంజైమును కొలుచుట

రెండవ జవాబు ఎంజైముల నుండి వచ్చినది. ఎంజైములనగా జీవకణములలో రసాయన చర్యలను వేగవంతము చేయు మాంసకృత్తులు. 1833లో ఫ్రెంచి రసాయనజ్ఞులు పాయెన్, పెర్సోజ్ అనువారు మొలకెత్తిన బార్లీ గింజల నుండి పిండిపదార్థమును చక్కెరగా మార్చు పదార్థమును వేరుచేసి దానికి డయస్టేజు అని పేరిడిరి. 1897లో బుక్నర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈస్టు కణములను నూరి పిండిన రసము, సజీవ కణములు లేకున్నను, చక్కెరను పులియబెట్టునని నిరూపించెను. 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు సమ్నర్ యూరియేజు అను ఎంజైమును స్ఫటిక రూపములో సాధించి అది మాంసకృత్తేనని చూపెను.

రక్తములో ఎంజైము అత్యల్పముగా ఉండును. దానిని తూచుట సాధ్యము కాదు. కాని అది చేసిన పనిని కొలువవచ్చును. ఈ సూత్రమును ఉన్నత పాఠశాలలోనే చూపవచ్చును. పలుచని గంజిలో అయోడిన్ చుక్క వేసినచో నీలిరంగు వచ్చును. గంజికి లాలాజలము కలిపి కొంతసేపు వెచ్చగా ఉంచిన పిమ్మట అయోడిన్ వేసినచో నీలిరంగు రాదు. లాలాజలములోని ఎమిలేజు ఎంత ఎక్కువగా ఉన్న నీలిరంగు అంత త్వరగా పోవును. ఎంత సమయములో ఎంత పిండిపదార్థము మాయమైనదో చూచినచో ఎంజైము శక్తి తెలియును. జర్మను శాస్త్రజ్ఞుడు వోల్గెముత్ 1908లో ఇట్టి పద్ధతితోనే మూత్రములోని ఎమిలేజును కొలిచెను. క్లోమము వాచిన రోగులలో అది హెచ్చుగా ఉండును. గాయపడిన అవయవము తన ఎంజైములను రక్తములోనికి విడుచునను భావమునకు ఇదియే తొలి ఆధారములలో ఒకటి.

ఎముక నుండి కాలేయమునకు

కాలేయ పరీక్షలలో స్థిరపడిన మొదటి ఎంజైము మాత్రము ఎముకలను పరిశోధించుచుండగా దొరికినది. 1923లో లండనులో రాబర్ట్ రాబిసన్ అను శాస్త్రజ్ఞుడు పెరుగుచున్న ఎముకలో ఫాస్ఫేటును విడదీయు ఎంజైమును గుర్తించెను. అది క్షారద్రావణములో చక్కగా పనిచేయుటచే తరువాత ఆల్కలైన్ ఫాస్ఫటేజు అని పిలువబడినది. ఎముకవ్యాధులు గలవారి రక్తములో ఇది హెచ్చుగా ఉండునని హెచ్.డి. కే చూపెను. ఆ వెనుక ఇంగ్లండులో రాబర్ట్స్ అను వైద్యుడు కామెర్ల రోగుల రక్తమును పరీక్షించి ఉపయోగకరమైన భేదము నొకదానిని కనుగొనెను. పైత్యనాళము మూసుకొనిన వారిలో ఈ ఎంజైము మిక్కిలి పెరుగుచున్నది. కాలేయకణములు వాచిన వారిలో కొద్దిగానే పెరుగుచున్నది. 1933లో ఆయన ఈ విషయమును బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెల్లడించెను. మరుసటి యేడు కింగ్, ఆర్మ్‌స్ట్రాంగ్ అనువారు దీనిని కొలుచుటకు సులభమైన పద్ధతిని ఏర్పరచిరి.

ఈ సందర్భమున ఒక తెలుగు శాస్త్రజ్ఞుని తలచుకొనుట ఉచితము. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తమూత్రములలోని ఫాస్ఫరసును నీలిరంగు పుట్టించి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఫాస్ఫటేజు పనిచేసినప్పుడు విడివడునది ఫాస్ఫేటే కదా. ఆ ఫాస్ఫేటును లెక్కించుటకు ఫిస్క్–సుబ్బారావు పద్ధతి ఎన్నో ప్రయోగశాలలలో ఉపయోగపడినది.

ఫాస్ఫటేజు ఎందుకు పెరుగునను విషయములో వైద్యులు చాలకాలము పొరబడిరి. ఎముకలో పుట్టిన ఎంజైమును కాలేయము పైత్యముతో బయటికి పంపుననియు, దారి మూసుకొనగా అది రక్తములో పేరుకొనుననియు తలంచిరి. నాళము మూసుకొనినప్పుడు కాలేయకణములే ఈ ఎంజైమును అధికముగా తయారుచేయునని 1970 ప్రాంతమున ఎలుకలపై చేసిన ప్రయోగములలో తేలినది. పరీక్ష నలువది సంవత్సరములు చక్కగా ఉపయోగపడినను దాని వివరణము తప్పుగా నుండెనన్నమాట.

పావురము కండరము, న్యూయార్కు ప్రయోగశాల

ఇక నేటి పరీక్షాపత్రముపై కనబడు ఆ రెండు పేర్ల సంగతి. 1937లో మాస్కోలో అలెగ్జాండర్ బ్రౌన్‌స్టైన్, మరియా క్రిట్స్‌మన్ అను శాస్త్రజ్ఞులు పావురము రొమ్ముకండరమును నూరి పరిశోధించుచు ఒక క్రొత్త చర్యను కనుగొనిరి. ఒక అమినో ఆమ్లములోని అమినో సముదాయము విడివడి అమోనియాగా పోకుండ, నేరుగా మరియొక ఆమ్లమునకు మారుచున్నది. ఈ మార్పిడిని జరుపు ఎంజైములకు ట్రాన్సెమినేజులు అని పేరు వచ్చినది. ఇవి పనిచేయుటకు బి6 విటమిను నుండి ఏర్పడు పిరిడాక్సాల్ ఫాస్ఫేటు అవసరమని తరువాత తెలిసినది. ఇవి గుండె, కాలేయము, కండరములు మొదలగు వాటిలో సమృద్ధిగా కలవు.

ఆ కాలములో ఇది రసాయనజ్ఞులకు మాత్రమే ఆసక్తి కలిగించిన విషయము. రోగి మంచము దగ్గరకు ఇది రావలెనన్నచో రక్తములోని అత్యల్పమైన ఎంజైమును త్వరగా కొలుచు ఉపాయము కావలెను. ఆ ఉపాయము న్యూయార్కులో దొరికినది. అక్కడి స్లోన్–కెటరింగ్ సంస్థకు చెందిన ఫెలిక్స్ వ్రోబ్లెవ్‌స్కీ, జాన్ లడ్యూ అను వైద్యులతో కలిసి ఆర్థర్ కార్మెన్ అను యువకుడు మానవ రక్తములో ట్రాన్సెమినేజును వెదకెను.

కార్మెన్ ఉపయోగించిన యుక్తి మెచ్చదగినది. సీరముతో ఆస్పార్టిక్ ఆమ్లమును, కీటోగ్లుటారిక్ ఆమ్లమును కలిపినచో ట్రాన్సెమినేజు వాటిని గ్లుటామిక్ ఆమ్లముగను, ఆక్సలోఎసిటిక్ ఆమ్లముగను మార్చును. ఈ మార్పు కంటికి కనబడదు. అందుచే ఆయన ఆ మిశ్రమమునకు మరియొక ఎంజైమును, ఎన్.ఎ.డి.హెచ్. అను పదార్థమును చేర్చెను. రెండవ ఎంజైము ఆక్సలోఎసిటిక్ ఆమ్లమును పుట్టినది పుట్టినట్లే మాలిక్ ఆమ్లముగా మార్చివేయును. అట్లు మార్చునప్పుడెల్ల కొంత ఎన్.ఎ.డి.హెచ్. ఖర్చగును. ఈ పదార్థము 340 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల అతినీలలోహిత కాంతిని పీల్చుకొనును. ఖర్చయిన కొలది పీల్చుకొను కాంతి తగ్గును. ఈ గుణమును 1930లలో జర్మనీలో ఓటో వార్బర్గ్ వాడుకలోనికి తెచ్చియుండెను. కాంతిని కొలుచు స్పెక్ట్రోఫోటోమీటరును 1941 నుండి అమెరికాలో బెక్‌మన్ సంస్థ అమ్ముచుండెను. ఇట్లు మాస్కోలో దొరికిన ఎంజైము, జర్మనీలో ఏర్పడిన పద్ధతి, అమెరికాలో తయారైన పరికరము ఒకచోట కలిసినవి. కొద్ది నిమిషములలో ఎంజైము శక్తి సంఖ్యగా కనబడసాగినది.

1954లో ఈ ముగ్గురును సైన్స్ పత్రికలో ఒక వ్యాసమును ప్రకటించిరి. అది కాలేయమును గూర్చినది కాదు, గుండెపోటును గూర్చినది. గుండెకండరములో కొంతభాగము రక్తము అందక చచ్చినప్పుడు, ఆ కండరకణములలోని ఎంజైము రక్తములోనికి వచ్చును. సంఖ్య ఒకటి రెండు దినములలో శిఖరమునకు ఎగసి కొద్ది దినములలో దిగిపోవును. జీవించియున్న మనిషిలో కణములు చచ్చుచున్న సంగతిని ఒక చెంచా రక్తమును బట్టి తెలిసికొనుట వైద్యులకు ఆశ్చర్యము గొలిపినది. సీరములోని గ్లుటామిక్ ఆక్సలోఎసిటిక్ ట్రాన్సెమినేజు అను పేరులోని ఆంగ్ల పదముల మొదటి అక్షరములే ఎస్.జి.ఓ.టి.

కాలేయములో స్థిరపడుట

గుండెజబ్బు లేకున్నను కొందరిలో ఈ సంఖ్య గుండెపోటు రోగులలో కంటె ఎన్నో రెట్లు హెచ్చుగా కనబడెను. వారు కాలేయపు వాపు గలవారు. వ్రోబ్లెవ్‌స్కీ, లడ్యూలు 1955లో ఈ ఎంజైము కాలేయకణముల గాయమునకు సూచిక కాగలదని వ్రాసిరి. 1956లో వారు రెండవ ట్రాన్సెమినేజును, అనగా ఎస్.జి.పి.టి.ని, పరిశోధించిరి. ఇది గుండెలో స్వల్పముగను, కాలేయములో అధికముగను ఉండును. కావున ఇది పెరిగినచో కాలేయమునే ఎక్కువగా అనుమానింపవలెను.

అదే కాలములో ఇటలీలోని నేపుల్సు నగరమున ఫెర్నాండో డి రిటిస్, కోల్టోర్టి, జూస్టి అను వైద్యులు ఇదే మార్గములో నడచుచుండిరి. వైరసు వలన కాలేయము వాచిన రోగులలో ట్రాన్సెమినేజులు పెరుగునని వారు 1955లో ప్రకటించిరి. కండ్లు పచ్చబడుటకు ముందే ఈ పెరుగుదల కనబడును. కండ్లు ఎన్నడును పచ్చబడని రోగులలోను కనబడును. వైద్యుడు చూడజాలని వ్యాధి ఇట్లు తొలిసారిగా కొలతకు అందినది.

రెండు ఎంజైముల నిష్పత్తికి డి రిటిస్ పేరే నిలిచినది. వైరసు వలన క్రొత్తగా వచ్చిన వాపులో సాధారణముగా ఎస్.జి.పి.టి. పైచేయిగా నుండును. మద్యపానము వలన కలిగిన వాపులో ఎస్.జి.ఓ.టి. తరచుగా దానికి రెండింతలు దాటును. దీనికి కారణములు కలవు. ఎస్.జి.పి.టి. ప్రధానముగా కణద్రవములో ఉండును. ఎస్.జి.ఓ.టి. కణద్రవములోనే గాక మైటోకాండ్రియాలలోను ఉండును. మద్యము మైటోకాండ్రియాలను దెబ్బతీయును. పైగా మద్యపాయులలో బి6 విటమిను కొరత యుండుటచే రెండవ ఎంజైము తక్కువగా పనిచేయును.

ఖరీదైన పరికరము లేని ఆసుపత్రులకు ఈ పరీక్షను చేర్చినవారు రైట్‌మన్, ఫ్రాంకెల్ అనువారు. 1957లో వారు ప్రకటించిన పద్ధతిలో చర్య చివర ఒక రసాయనమును కలిపి క్షారమును పోసిన గోధుమవర్ణము వచ్చును. దానిని సాధారణమైన రంగుమాపకముతో కొలువవచ్చును. భారతదేశములోని ప్రయోగశాలలు కూడ దీనిని దశాబ్దముల పాటు వాడినవి. ఒక్కొక్కరు ఒక్కొక్క కొలమానమును వాడుటచే కలిగిన గందరగోళమును తొలగించుటకు 1961లో అంతర్జాతీయ ఎంజైము సంఘము ఒక ప్రమాణమును నిర్ణయించెను. నిమిషమునకు ఒక మైక్రోమోలు పదార్థమును మార్చు ఎంజైము ఒక అంతర్జాతీయ యూనిటు. ఎంజైముల పేర్లును మారినవి. ఎస్.జి.ఓ.టి. ఆస్పార్టేటు ట్రాన్సెమినేజు అనియు, ఎస్.జి.పి.టి. అలనైను ట్రాన్సెమినేజు అనియు పిలువబడుచున్నవి. మన పరీక్షాపత్రములు మాత్రము పాతపేర్లను విడువలేదు.

పేరులేని వైరసు

కంటికి కనబడని వ్యాధి ఎంత విస్తారమైనదో ఆ కాలపు భారతదేశమే చూపగలదు. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో ఢిల్లీ నగరమున త్రాగునీటిలో మురుగు కలియుటచే కామెర్లు ప్రబలినవి. కండ్లు పచ్చబడినవారు ఇంచుమించు 29,000 మంది. పచ్చబడకుండగనే వ్యాధి సోకినవారు అంతకంటె హెచ్చుగా నుందురని పరిశోధకులు అంచనా వేసిరి. నాడు నిలువచేసిన రక్తనమూనాలను పావు శతాబ్దము తరువాత మరల పరీక్షింపగా ఆ వ్యాధి అందరు అనుకొనిన హెపటైటిస్ ఎ కాదని తేలెను. ఆ వైరసునకు తరువాత ఇ అని పేరిడిరి.

ట్రాన్సెమినేజు పరీక్ష చేతికందగానే దానిని దుర్వినియోగము చేసినవారును కలరు. న్యూయార్కులోని విల్లోబ్రూక్ సంస్థలో మానసిక వైకల్యముగల పిల్లలకు సాల్ క్రుగ్‌మన్ అను వైద్యుడు 1956 నుండి బుద్ధిపూర్వకముగా హెపటైటిస్ సోకించి వారి రక్తములో ఎంజైము పెరుగుదలను లెక్కించెను. హెపటైటిస్ రెండు విధములని 1967లో తెలిసినది ఆ విధముగనే. కాని తమకు ఏమి జరుగుచున్నదో తెలిసికొనలేని పిల్లలను అట్లు వాడుట అన్యాయమని హెన్రీ బీచర్ అను వైద్యాచార్యుడు 1966లోనే ఖండించెను. మనుష్యులపై చేయు ప్రయోగములకు కఠిన నియమములు రావలెనను వాదమునకు ఇది బలము చేకూర్చెను.

ఈ ఎంజైము చేసిన మహోపకారము రక్తదానమునకు సంబంధించినది. 1960లలో అమెరికాలో గుండె శస్త్రచికిత్సల కొరకు అనేకుల రక్తము ఎక్కించుకొనిన వారిని అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలో పరిశీలింపగా, ఇంచుమించు మూడవవంతు మందికి కాలేయపు వాపు వచ్చుచుండెను. వారిలో చాలమందికి కామెర్లు రాలేదు. నియమముగా రక్తము తీసి ఎస్.జి.పి.టి.ని కొలుచుటచేతనే వ్యాధి బయటపడినది. డబ్బుకు రక్తము అమ్మువారిని మాని స్వచ్ఛంద దాతల రక్తమునే వాడుటవలనను, బ్లుంబర్గ్ 1965లో వెల్లడించిన ఆస్ట్రేలియా యాంటిజెను సహాయముతో హెపటైటిస్ బి గల రక్తమును ఏరివేయుటవలనను వ్యాధి చాల తగ్గెను. కాని పోలేదు. 1973లో హెపటైటిస్ ఎ వైరసు కనబడగా, మిగిలిన రోగులకు అదియైనను కారణమా యని హార్వే ఆల్టర్ మొదలగువారు పరీక్షించిరి. కాదని తేలెను. అందుచే 1975లో ఆ వ్యాధికి "ఎ కాదు, బి కాదు" అను వింత పేరు పెట్టవలసివచ్చెను.

అటుపిమ్మట పదునాలుగు సంవత్సరముల పాటు ఆ వైరసును ఎవరును చూడలేదు. అది యున్నదనుటకు గల ముఖ్యమైన సాక్ష్యము రక్తములో పెరుగుచు తగ్గుచుండిన ట్రాన్సెమినేజు సంఖ్యయే. రోగి రక్తమును చింపాంజీలకు ఎక్కింపగా వాటిలోను ఎంజైము పెరుగుటను బట్టి ఇది సోకు వ్యాధియని 1978లో నిర్ధారణ అయ్యెను. ఎంజైము హెచ్చుగానున్న దాతల రక్తము ఎక్కించుకొనినవారికే ఈ వ్యాధి ఎక్కువగా వచ్చుచున్నదని 1981లో తేలెను. 1986–87లో అమెరికా రక్తనిధులు అట్టి రక్తమును నిరాకరింపసాగెను. ఇందులో నష్టమును కలదు. ఎంజైము పెరిగినవారందరికిని వైరసు లేదు. వైరసు ఉన్నవారందరికిని ఎంజైము పెరుగలేదు. మంచి రక్తము కొంత పారబోయబడెను, చెడురక్తము కొంత దాటిపోయెను. 1989లో మైకేల్ హౌటన్, క్వి–లిమ్ చూ, జార్జ్ కువో మున్నగువారు ఆ వైరసును పట్టి హెపటైటిస్ సి అని పేరిడిరి. తిన్నని పరీక్ష దొరికిన పిమ్మట పరోక్షమైన ఎంజైము పరీక్ష రక్తనిధులలో తన ప్రాముఖ్యమును కోల్పోయెను. ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్ అనువారికి 2020లో నోబెల్ బహుమానము లభించెను.

మందు, సంఖ్య, వివేకము

క్షయవ్యాధికి 1952 నుండి వాడుకలోనికి వచ్చిన ఐసోనయజిడ్ మందు కోట్లమందిని రక్షించినది. 1970లో వాషింగ్టనులోని కాపిటల్ హిల్ ప్రాంతపు ఉద్యోగులలో క్షయ కనబడగా 2,321 మందికి ముందు జాగ్రత్తగా ఈ మందు నిచ్చిరి. వారిలో 19 మందికి కాలేయవ్యాధి వచ్చెను, ఇద్దరు మరణించిరి. అప్పటినుండి ఈ మందు వాడువారి ఎంజైములపై దృష్టి హెచ్చెను. అప్పుడొక చిక్కు ఎదురయ్యెను. మందు తీసికొనువారిలో నూటికి పది ఇరువది మందిలో ఎంజైము కొద్దిగా పెరుగును. వారిలో చాలమందికి మందు మానకున్నను అది తానే తగ్గును. ప్రతి పెరుగుదలకును భయపడి మందు ఆపినచో క్షయ బలియును; దేనికిని ఆపనిచో కొందరి కాలేయము నశించును.

హైమన్ జిమర్‌మన్ అను అమెరికా వైద్యుడు దీనికి తన అనుభవమును బట్టి ఒక సూత్రము చెప్పెను. మందువలన ఎంజైము పెరుగుటతో పాటు కామెర్లును వచ్చినచో అది మిక్కిలి అపాయకరము. అట్టివారిలో పదిమందిలో ఒకరైనను మరణింతురు. ఎంజైము కణముల గాయమును తెలుపును. కామెర్లు కాలేయము తన పని చేయలేకపోవుటను తెలుపును. రెండును కలిసినప్పుడే ఆపద నిజముగా పెద్దది. క్రొత్త మందులను పరీక్షించువారు నేటికిని ఈ సూత్రమును పాటించుచున్నారు.

సంఖ్య చెప్పనిది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చును. కాలేయకణములోని ట్రాన్సెమినేజు రక్తములో కంటె వేల రెట్లు అధికము. కణపు పొర చెడినచో అది బయటికి కారును. రక్తములో చేరిన ఎస్.జి.ఓ.టి.లో సగము ఇంచుమించు 17 గంటలలోను, ఎస్.జి.పి.టి.లో సగము ఇంచుమించు 47 గంటలలోను తొలగిపోవును. కావున నేటి సంఖ్య ఈ రెండు మూడు దినములలో జరిగిన గాయమునకు గుర్తు. కాలేయమునకు ఇంకను ఎంత బలము మిగిలియున్నదో అది చెప్పదు. గోడలు కూలుచున్నప్పుడు లేచు ధూళిని చూచి ఇల్లు కూలుచున్నదని తెలిసికొనవచ్చును. ధూళి అణగినంత మాత్రమున ఇల్లు నిలిచినదని అనుకొనరాదు.

ఏండ్ల తరబడి గాయపడి మచ్చకట్టి గట్టిపడిన కాలేయములో కణములు తక్కువగా మిగులుటచే ఎంజైము హద్దులోనే ఉండవచ్చును. తీవ్రమైన వాపులో సంఖ్య వేల నుండి హఠాత్తుగా తగ్గుట శుభసూచకము కావచ్చును. ఇక చచ్చుటకు కణములు మిగులలేదనియు కావచ్చును. అట్టి సమయమున బిలిరూబిను, ఆల్బుమిను, రక్తము గడ్డకట్టు కాలము అను మూడును చూడవలెను. కాలేయపు పనితనమును తెలుపునవి అవియే. ఎంజైము హెచ్చుగా నున్నను తప్పు కాలేయముది కాకపోవచ్చును. బరువులెత్తి కండరములు నలిగినవారిలోను, కండరవ్యాధి గల పిల్లలలోను ఈ ఎంజైములు పెరుగును. గుండెపోటును గుర్తించుటకు పుట్టిన ఎస్.జి.ఓ.టి. ఈ కారణముచేతనే అక్కడ నిలువలేక పోయినది. గుండెకే ప్రత్యేకమైన ట్రోపోనిను దాని స్థానమును ఆక్రమించినది.

హద్దు అనునది కూడ మనుష్యులు గీసినదే. ఆరోగ్యవంతులుగా తోచిన వారి సంఖ్యలను సేకరించి దానిని నిర్ణయింతురు. వారిలో కాలేయములో క్రొవ్వు చేరినవారు తెలియకుండ కలిసిపోయినచో హద్దు అనవసరముగా పైకి పోవును. ఇటలీలో దానియేలే ప్రాతి మొదలగువారు 2002లో రక్తదాతలలో అట్టివారిని మినహాయించి చూడగా ఎస్.జి.పి.టి.కి పురుషులలో 30, స్త్రీలలో 19 యూనిట్లే తగిన హద్దని తేలెను. అప్పటివరకు వాడుకలోనున్న హద్దులు ఇంతకంటె పెద్దవి. ఊబకాయము, మధుమేహము హెచ్చుచున్న మన దేశములో ఈ విషయము గమనింపదగినది. క్రొవ్వు చేరిన కాలేయము గలవారిలో అనేకుల ఎంజైములు హద్దులోనే ఉండును.

పావురము కండరములో మొదలైన ఒక చిన్న రసాయన చర్య ఇట్లు రక్తనిధులను శుభ్రపరచుటకును, మందుల అపాయమును పసిగట్టుటకును, పేరులేని వైరసు జాడను నిలుపుటకును తోడ్పడినది. ఆ సంఖ్య గాయము జరిగినదని చెప్పును. గాయము చేసినవారెవరో, ఎంత నష్టము జరిగినదో చెప్పదు. వాటిని రోగిని చూచి, ప్రశ్నించి, ఇతర పరీక్షలతో పోల్చి వైద్యుడే తేల్చవలెను. ఒక కొలత ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టినదో తెలిసికొని చదువుట విజ్ఞానశాస్త్ర విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠములలో ఒకటి. కాలేయపు ఎంజైముల చరిత్ర ఆ పాఠమును చక్కగా బోధించుచున్నది.